ఓడిపోయారు సరే, ప్రశ్నలు రాసుకున్నారా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా బళ్లలో క్విజ్‌ల కాలం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గెలిచినవాళ్లవి దాదాపు లేవు. సారు బలవంతాన పేరిచ్చినవాళ్లు, ఓడి ఇంటికొచ్చినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, పోటీ పెట్టి చేతులు కాల్చుకున్న టీచర్లు రాశారు.

*మా పాప తొమ్మిదో తరగతి. క్విజ్‌కు పోనని మొత్తుకున్నా వినకుండా సారు పేరు రాసేసినారు. మొదట రాతపరీక్ష, దాంట్లో నెగ్గిన ఆరు జట్లకు స్టేజి మీద పోటీ. మా పాప జట్టు ఆరోది. వచ్చినప్పటి నుంచి ఇంకోసారి పంపితే బడికే పోనంటోంది. 'ఒక ప్రశ్నకు జవాబు తెలుసమ్మా, నోట్లోంచి రాలేదు' అని ఏడ్చింది. మళ్లీ పంపాలా, వదిలేయాలా?*
– ఒక తల్లి, ఆదోని

పంపాలా వద్దా అన్నది ఈ వారం తేల్చకండమ్మా. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది ఆలస్యమైతే చేతికి రాదు. స్టేజి మీద అడిగిన ప్రశ్నలన్నీ, తమ జట్టుకు వచ్చినవే కాదు పక్క జట్లకు వచ్చినవి కూడా, పాపతో ఒక కాగితం మీద రాయించండి. పోటీ జరిగిన రాత్రే అయితే చాలావరకు గుర్తొస్తాయి. ఇప్పటికే రెండు మూడు రోజులైతే జట్టులోని మిగతా పిల్లలకు ఫోన్ చేసి అడిగించండి. ఒకరు మరిచింది ఇంకొకరికి గుర్తుంటుంది.

ఇప్పుడు ప్రతి ప్రశ్న పక్కన అది ఎందుకు పోయిందో ఒక ముక్క రాయించండి. పిల్లలు 'రాలేదు' అని ఒకే మాట అంటారు గానీ ఆ మాట కింద నాలుగు వేరు వేరు జబ్బులుంటాయి. అసలు ఎప్పుడూ వినని సంగతి ఒకటి. చదివిందే, ఆ నిమిషానికి తట్టలేదు, ఇది రెండోది. తట్టింది, తప్పైతే నవ్వుతారని చెప్పలేదు, ఇది మూడోది. మీ పాప ఏడ్చింది దీనికే. ప్రశ్నను సగం విని వేరే ప్రశ్నకు జవాబు చెప్పడం నాలుగోది. మొదటి రకం తప్పే కాదు, కొత్త సంగతి దొరికిందంతే. రెండో రకానికి మందు మళ్లీ చదవడం కాదు, పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం. మూడో రకానికి చదువుతో పనే లేదు. జట్టులో ఎవరు ఎలా మాట్లాడాలో ముందే ఒప్పుకోవాలి, దాని గురించి కింద కడప ఉత్తరంలో చూడండి. నాలుగోది చెవి పని. ఇంట్లో మీరు ప్రశ్న ఒక్కసారి చదవండి, పాప జవాబు చెప్పేముందు అదే ప్రశ్నను తన మాటల్లో తిరిగి చెప్పాలి. రోజుకు ఐదు చాలు.

నాలుగో రకానికి ఉదాహరణ చూడండి. 'ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఎవరు?' అంటే చాలామంది పిల్లలు ప్రకాశం పంతులు అంటారు. ఆయన 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ముఖ్యమంత్రి అయింది నీలం సంజీవరెడ్డి. ఈ తప్పును ఇక్కడితో దిద్ది వదిలేయకండి, కాస్త చుట్టుపక్కల తవ్వించండి. సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. 1977 నుంచి 1982 దాకా దేశానికి ఆరో రాష్ట్రపతి. 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్యది కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. పేర్లు దగ్గరగా ఉండటంతో సంజీవరెడ్డిని, సంజీవయ్యను కలిపేసే పిల్లలూ ఉన్నారు. ఒక తప్పు చుట్టూ ఇలా తవ్వితే వచ్చే పోటీకి నాలుగైదు జవాబులు సిద్ధంగా ఉంటాయి.

ఈ పని వెంటనే చేయమనడానికి కారణముంది. ధీమాగా తప్పు చెప్పి, అక్కడికక్కడే సరైన జవాబు విన్నప్పుడు, అది మామూలు తప్పుల కంటే గట్టిగా నాటుకుంటుందని 2001లో అమెరికా పరిశోధకులు బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ చూపించారు. 'అయ్యో, ఇది కాదా!' అన్న ఆ ఉలికిపాటే దానికి కారణమని భావిస్తున్నారు. పదిమంది ముందు ఏదైనా తప్పు చెప్పి ఉంటే పాపకు ఆ ఉలికిపాటు ఎలాగూ కలిగి ఉంటుంది. దాన్ని సిగ్గుగా మిగలనిస్తారా, కాగితం మీద పెట్టిస్తారా అన్నది మీ చేతిలో ఉంది.

ఇక పంపడం సంగతి. 'ఇష్టం లేదు' అంటే ఏది ఇష్టం లేదో అడగండి. స్టేజా, జట్టులో పక్కనున్న పిల్లా, సాయంత్రాలు పోవడమా? స్టేజి భయమైతే తరగతిలోనే నాలుగు జట్లతో జరిగే చిన్న క్విజ్‌లో ఒక్కసారి కూర్చోబెట్టండి. అక్కడా వద్దంటే వదిలేయడమే న్యాయం. ప్రశ్నలు తయారుచేసే పనో, స్కోరు రాసే పనో ఇమ్మని సారును అడగండి, చాలామంది పిల్లలు అక్కడి నుంచి మళ్లీ తమంతట తామే వస్తారు. మరొక్క సంగతి. రాతపరీక్షలో నెగ్గితేనే ఆ ఆరు కుర్చీల్లో ఒకటి దొరుకుతుంది. ఆరో స్థానమని పాప అనుకుంటున్నది కింద కూర్చున్న జట్లన్నిటికంటే పై స్థానం. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

*నేను పదో తరగతి. జట్టులో ఒకడు తప్పుకుంటే వాని జాగాలో నన్ను వేసినారు. నాకు క్విజ్ అంటే ఆసక్తి లేదు, కాదంటే సారు బాధపడతారు. మూడు వారాలే ఉంది. జీకే పుస్తకం ఇటుకంత ఉంది, తెరిస్తే నిద్ర వస్తోంది. పరీక్షలకూ చదువుకోవాలి. ఏం చేయమంటారు?*
– విద్యార్థి, తాడిపత్రి

ఆ ఇటుకను మూసెయ్. మూడు వారాల్లో అది ఎవరివల్లా కాదు.

మొదట పోటీ ఎవరు, ఏ సందర్భంలో పెడుతున్నారో కనుక్కో. సగం సిలబస్ అక్కడే తేలిపోతుంది. ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం, 2023లో చంద్రయాన్-3 దిగిన రోజు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. అదే రోజు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం, డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, జనవరి 25 ఓటర్ల దినోత్సవం, ఫిబ్రవరి 28 విజ్ఞాన దినోత్సవం. పోటీ ఏ రోజు చుట్టూ ఉంటే ఆ రోజు వెనక కథ, ఆ మనిషి, ఆ సంవత్సరం తప్పకుండా ప్రశ్నల్లోకి వస్తాయి. జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి సైన్సు పోటీ లాంటిదైతే సైన్సు మీదే గురిపెట్టు.

ఆ తర్వాత రోజుకు 40 నిమిషాలు, అంతకు మించి వద్దు. దాంట్లో 15 నిమిషాలు పాత చీటీలు, 15 నిమిషాలు కొత్త పాఠం, 10 నిమిషాలు పేపరు. పాఠమంటే ఆరు నుంచి పదో తరగతి దాకా సైన్సు, సోషల్ పాఠ్యపుస్తకాలు. బడిపిల్లల క్విజ్ తయారుచేసే టీచరు చేతికి ముందు దొరికేవి అవే. పదో తరగతివి ఎలాగూ నీ పరీక్షకు పనికొస్తాయి కాబట్టి వాటితోనే మొదలుపెట్టు.

చీటీలకు నోటుబుక్కు కాగితాన్ని మూడుసార్లు మడిచి చించితే ఎనిమిది వస్తాయి. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. ఒక చీటీకి ఒకే సంగతి. రోజుకు ఒక కాగితం, అంటే ఎనిమిది చీటీలు. చాక్‌పీస్ డబ్బాలు మూడు తీసుకో. కొత్త చీటీలన్నీ మొదటి డబ్బాలో, అది రోజూ చూడాలి. జవాబు సరిగ్గా వస్తే చీటీ రెండో డబ్బాకు పోతుంది, దాన్ని మూడు రోజులకోసారి తీయాలి. అక్కడా వస్తే మూడో డబ్బాకు, అది వారానికోసారి. ఏ డబ్బాలో తప్పినా చీటీ మళ్లీ మొదటి డబ్బాకే. దీన్ని లైట్నర్ పద్ధతి అంటారు. చివరి మూడు రోజులు కొత్తవి రాయొద్దు. అప్పటికి 18 రోజుల్లో 144 చీటీలవుతాయి. తక్కువనిపిస్తోందా? 144 సంగతులు తడబడకుండా చెప్పగలిగేవాడు ఏ బడి క్విజ్‌లోనైనా కుర్చీకి బరువు కాడు.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా విను. ప్రశ్న చూసి రెండు సెకన్లకే వెనక్కి తిప్పేస్తారు, అది చదవడమే అవుతుంది, గుర్తు చేసుకోవడం కాదు. మనసులో పది లెక్కపెట్టే దాకా తిప్పొద్దు. రెండోది, 'రాజ్యాంగంలోని 12 షెడ్యూళ్లు ఏవి?' అని ఒకే చీటీలో కుక్కుతారు. అది 12 చీటీల సరుకు. మూడోది, రంగు పెన్నులతో చీటీలు ముచ్చటగా రాయడంలోనే గంట పోతుంది. పెన్సిల్ చాలు.

మళ్లీ మళ్లీ చదివితే రాదా అని అడుగుతావేమో. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఇదే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు తిరిగి చదివారు, కొందరు చూడకుండా గుర్తు చేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తు చేసుకున్నవాళ్లు ముందున్నారు. పోటీ ఐదు నిమిషాల్లో ఉంటే చదువుకో, వారం ఉంటే చీటీలు తీయ్.

ఆసక్తి లేదన్నావు. దానికోసం ఎదురుచూడకు, ఉన్నట్టు నటించనూ అక్కర్లేదు.

*బజర్ రౌండులో నేను ముందే నొక్కేస్తా, ప్రశ్న పూర్తిగా వినకుండా తప్పు చెబుతా. భయపడి ఆగితే పక్క జట్టు నొక్కేస్తుంది. సరైతే 10, తప్పైతే మైనస్ 5. ఎప్పుడు నొక్కాలి?*
– విద్యార్థి, ఎమ్మిగనూరు

ముందు లెక్క. సరైతే 10, తప్పైతే 5 పోతాయి అన్నప్పుడు మూడుసార్లు నొక్కి ఒకటి సరై రెండు తప్పితే సున్నా దగ్గరికొస్తావు. అంటే మూడింట ఒక వంతు కంటే ఎక్కువ నమ్మకముంటే నొక్కడం లాభం. మైనస్ 10 పెట్టే చోట సగానికి మించి నమ్మకముండాలి. పోటీ మొదలయ్యే ముందు క్విజ్‌మాస్టర్ నిబంధనలు చదువుతుంటే పిల్లలు నీళ్లు తాగుతుంటారు, నువ్వు ఆ అంకె విను. నీ జట్టు తప్పాక ప్రశ్న మిగతావాళ్లకు పోతుందా, అక్కడే ఆగుతుందా అన్నదీ విను. పోతుందంటే నీ తప్పు వాళ్లకు పది మార్కుల దారి.

చివరి రెండు ప్రశ్నలప్పుడు ఈ లెక్క మారుతుంది. 25 మార్కుల ఆధిక్యంలో ఉన్నావనుకో. రెండూ ఎదుటి జట్టే కొట్టినా వాళ్లకు వచ్చేది 20, నువ్వే గెలుస్తావు. నువ్వు ఉత్సాహపడి రెండుసార్లు తప్పు నొక్కితే 10 పోయి 15 మిగులుతుంది, ఆ రెండూ వాళ్లకు పోతే 20 వచ్చి నువ్వు ఓడతావు. అప్పుడు చేతులు టేబుల్ కింద పెట్టుకో. 15 వెనకబడి ఉంటే మాత్రం అరకొర నమ్మకానికైనా నొక్కాల్సిందే, ఆగితే ఎలాగూ ఓటమే.

ఇక ముందే నొక్కే జబ్బు. టీవీలో ఇంగ్లీషు క్విజ్‌లు చూసి నేర్చుకుంటే ఇది వస్తుంది. అక్కడ ఏం అడుగుతున్నారో తరచు మొదటి మాటలోనే తెలిసిపోతుంది. తెలుగు ప్రశ్నలో అడిగే మాట చివర్లో ఉంటుంది. ఈ ప్రశ్న చూడు: '1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్న శాస్త్రవేత్తకు నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరం ఏది?' 'రామన్ ఎఫెక్ట్' అనగానే నొక్కినవాడు సి.వి.రామన్ అంటాడు, మైనస్ 5. 'శాస్త్రవేత్త' దాకా ఆగి నొక్కినవాడిదీ అదే గతి. ఆ మాట చివరనున్న 'కు' వినబడిందంటే జవాబు రామన్ కాదు, రామన్‌కు సంబంధించిన ఇంకేదో. 'నోబెల్' అన్నాక నొక్కితే సంవత్సరమో, ఏ శాస్త్రంలో అన్నదో, రెండే దారులు. 'వచ్చిన సం...' దగ్గర నొక్కితే 1930 అని నిశ్చింతగా చెప్పొచ్చు. అంటే విభక్తి వినబడే దాకా వేలు కదలకూడదు. దీన్ని సాధన చేయాలంటే తమ్ముడితో ప్రశ్న మెల్లగా చదివించి, ఎక్కడ నొక్కావో అక్కడ కాగితం మీద గీత పెట్టించు. వారం పాటు 10 ప్రశ్నల చొప్పున చేస్తే నీ గీతలు కుడివైపుకు జరగడం నీకే కనిపిస్తుంది.

వేలిని బజర్ మీద ఆనించే ఉంచు, పైకెత్తి కొట్టేవాళ్లు ఆలస్యమవుతారు. నొక్కగానే జవాబు చెప్పడానికి సాధారణంగా ఐదు సెకన్లిస్తారు. ఆ సమయం గుర్తు చేసుకోవడానికి చాలదు, నోరు తెరవడానికే.

*మా బడిలో నేనే క్విజ్ పెట్టాలి. పోయినసారి ఒక జట్టు పక్క జట్టు వదిలేసిన ప్రశ్నలతోనే గెలిచిందని గొడవైంది. రెండు జట్లకు సమానంగా వస్తే ఏం చేయాలో తెలియక చీటీ వేశాం. ఓడిన పిల్లలు అన్యాయం అంటూ ఇంటికి వెళ్లారు. ఈసారి సక్రమంగా ఎలా జరపాలి?*
– ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు

మేడమ్, ఆ పిల్లల ఫిర్యాదులో నిజముంది. పాస్ అయిన ప్రశ్న ఎప్పుడూ పక్క జట్టుకే పోతే, బలహీనమైన జట్టు తర్వాతి కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఊరికే మార్కులు వస్తాయి. దీనికి విరుగుడు రెండు రకాలుగా చేస్తారు. ఒకటి, ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పారో వారి పక్క జట్టు నుంచే తర్వాతి ప్రశ్న మొదలుపెట్టడం. ఎవరూ చెప్పకపోతే మొదట అడిగిన జట్టుకు పక్క జట్టు నుంచి. ఇలా చేసినప్పుడు నేరుగా చెప్పినా పాస్‌లో చెప్పినా 10 మార్కులే ఇవ్వాలి. రెండు, సగం ప్రశ్నలయ్యాక తిరిగే దిక్కు మార్చడం, అంటే 1 నుంచి 6 వైపు పోతున్నది 6 నుంచి 1 వైపు. రెండూ కలిపి చేస్తే కుర్చీ అదృష్టం చాలావరకు పోతుంది. కుర్చీలు చీటీలు తీసే కేటాయించండి, తరగతుల వరుసలో వద్దు.

రాతపరీక్షకు 25 ప్రశ్నలు, 20 నిమిషాలు. వాటిలో కష్టమైన నాలుగింటికి చుక్క గుర్తు పెట్టండి. రెండు జట్లకు సమానమైతే చుక్క ప్రశ్నల్లో ఎక్కువ రాసినవాళ్లు పైకి. అవీ సమానమైతే ఒక్కో ప్రశ్న అడుగుతూ పోవాలి, మొదట తప్పినవాళ్లు బయటికి. ఈ సంగతి పేపర్లు ఇచ్చే ముందే చదివి వినిపిస్తే చీటీ వేసే అవసరమే రాదు.

ఆరు జట్ల స్టేజి పోటీకి నేరుగా అడిగే రౌండ్లు రెండైతే జట్టుకు నాలుగు చొప్పున ఒక్కోదానికి 24, మొత్తం 48. బజరుకు 12. చూసేవాళ్లకు 10, పొరపాటు ప్రశ్నల స్థానంలో వాడటానికి 10 విడిగా. ర్యాపిడ్ ఫైర్ పెట్టకపోవడమే మేలని మా అభిప్రాయం. నిమిషానికి పది ప్రశ్నలంటే ఆరు జట్లకు 60 కావాలి, ఆరు కట్టలూ ఒకే కష్టంలో తయారుచేయడం చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం కాదు. గొడవలు ఎక్కువగా అక్కడే పుడతాయి. నేరు ప్రశ్నకు 30 సెకన్లు, పాస్‌కు 10. ప్రశ్న రెండుసార్లకు మించి చదవొద్దు. పాస్‌లతో కలిపి ప్రశ్నకు నిమిషం, నిమిషంన్నర వేసుకుంటే మొత్తం గంటన్నర దాకా పడుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత పెట్టి, బడి వదిలే బెల్లుతో చివరి రౌండు పరుగులు తీయించొద్దు.

ప్రశ్నలు తయారుచేశాక ప్రతిదాన్నీ రెండు చోట్ల సరిచూడండి. 'మొదటి', 'అతి పెద్ద', 'ఎవరు పేరు పెట్టారు' అన్నవి ముఖ్యంగా. దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. ఎవరు పెట్టారంటే చిలుకూరి నారాయణరావు అని కొన్ని పుస్తకాల్లో, గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని మరికొన్నింట్లో ఉంటుంది. ఇలాంటిది మనిషిని అడగకుండా సంవత్సరం, ఊరు అడిగితే తగాదా లేదు. 'భారత జాతీయ క్రీడ ఏది?' అన్నది ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రభుత్వం అధికారికంగా ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదు కాబట్టి హాకీ అన్న పిల్లవాడికి మార్కు ఇచ్చినా తప్పే, ఇవ్వకున్నా తప్పే. ఆ ప్రశ్న తీసేయండి.

అభ్యంతరం ఉంటే తర్వాతి ప్రశ్న చదవకముందే చెప్పాలన్న నిబంధన పెట్టండి. ప్రశ్నలో పొరపాటుందని తేలితే విడిగా ఉంచిన పదిలోంచి ఇంకోటి. పేరులో ఇంటిపేరు చెప్పకపోయినా ఒప్పుకోండి, మనిషి తేలితే చాలు.

ఇంకొకటి. పోటీ అయ్యాక ప్రశ్నలూ జవాబులూ ఉన్న కాగితం జిరాక్సు తీసి ప్రతి జట్టుకూ ఇవ్వండి. చాలా బళ్లలో ఆ కాగితం క్విజ్‌మాస్టర్ జేబులోనే ఇంటికి పోతుంది. పిల్లలకు షీల్డు ఒక్కటే పంచారు, పోటీ మొత్తం సరుకు పంచలేదు. మర్నాడు ప్రేయర్‌లో గెలిచినవాళ్ల పేర్లు చదివేటప్పుడు ఎవరూ చెప్పలేకపోయిన రెండు ప్రశ్నలు కూడా చదివి జవాబు కనుక్కు రమ్మనండి.

*మేం ముగ్గురం. కెప్టెన్ నా మాట వినడు. రెండుసార్లు నేను సరైన జవాబు మెల్లగా చెప్పినా తాననుకున్నదే చెప్పాడు. ఐదు మార్కుల తేడాతో ఓడిపోయాం. ఇంక వాడితో కూర్చోను.*
– విద్యార్థి, కడప

'మెల్లగా చెప్పినా' అన్నావే, అక్కడే ఉంది తిరకాసు. కెప్టెన్‌కు నీ జవాబు వినబడింది గానీ నీకు దాని మీద ఎంత నమ్మకముందో వినబడలేదు. మూడే మాటలు ముందే అనుకోండి: 'ఖాయం', 'అనుమానం', 'ఊహ'. జవాబుతో పాటు ఆ మాట కూడా చెప్పాలి. ఒకరు ఖాయం అంటే కెప్టెన్ తనకేమనిపించినా అదే చెప్పాలి. ఇద్దరు వేరు వేరు జవాబులకు ఖాయం అంటే ఆ సబ్జెక్టు ఎవరిదో వాళ్లది. దానికోసం సైన్సు, చరిత్ర–రాజ్యాంగం, ఆటలు–వార్తలు ముందే పంచుకోండి.

మొదటి పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా తలా ఒక చీటీ మీద జవాబు రాయడం ఇంకా మంచిది. ముందుగా నోరు విప్పినవాడి మాట మిగతా ఇద్దరి బుర్రలోకి దూరి సొంత జవాబును తోసేస్తుంది. చీటీలు ఉంటే పోటీ అయ్యాక తగాదాకూ పని లేదు. చీటీ మీద సరిగ్గా ఉండి స్టేజి మీద చెప్పనివి ఎన్నో లెక్కపెట్టి వాడి ముందు పెట్టు. మెల్లగా మాట్లాడేవాళ్లు కెప్టెన్ పక్కనే కూర్చోవాలి, చివర కాదు.

*నేను తెలుగు మీడియంలో చదివాను. మండల పోటీలో ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో అడిగారు. తెలిసినవి కూడా పోయాయి.*
– విద్యార్థిని, కళ్యాణదుర్గం

ప్రశ్న రెండు భాషల్లో చదవమని, జవాబు తెలుగులో చెప్పొచ్చా అని పోటీకి ముందే మీ టీచరు చేత అడిగించు. స్టేజి ఎక్కాక అడిగితే ఎవరూ మార్చరు. పేర్లు, ఊర్లు, సంవత్సరాలు ఏ భాషలోనైనా ఒకటే, ఇబ్బంది సైన్సు మాటలతోనే. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా. తెలుగు పేజీలో కిరణజన్య సంయోగక్రియ అని చదివాక కళ్లు పక్క పేజీకి తిప్పి ఫొటోసింథసిస్ అన్న మాట వెతికి పట్టుకో. పాఠానికి ఐదారు చాలు. చీటీ మీద రెండు మాటలూ రాసుకో, పైకి పలుకు. చూసి గుర్తుపట్టే మాట, చెవిన పడితే గుర్తుపట్టే మాట ఒకటి కాదు.

*'బెలుం గుహలు ఏ జిల్లాలో ఉన్నాయి?' అంటే మా వాడు కర్నూలు అన్నాడు. ఇంట్లో ఉన్న జీకే పుస్తకంలో అలాగే ఉంది. తప్పన్నారు. ఫిర్యాదు చేయొచ్చా?*
– ఒక తండ్రి, పత్తికొండ

చేయకండి, వాళ్లు చెప్పిందే సరి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు బెలుం నంద్యాల జిల్లాలోకి పోయింది. యాగంటి, మహానంది, అహోబిలం కూడా అటే. అనంతపురం జిల్లాలోవిగా చదివిన లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లావి. గండికోట మాత్రం కడప వైపే ఉంది. జిల్లాల హద్దులు మళ్లీ మళ్లీ మారుతుంటాయి కాబట్టి పోటీకి ముందు వారం ఒకసారి చూసుకోవడం మేలు.

పాత పుస్తకం ముంచేది జిల్లాల్లోనే కాదు. రాష్ట్ర పక్షి పాలపిట్ట అని ఉంటుంది. 2018 నుంచి మనది రామచిలుక, జంతువు కృష్ణజింక, చెట్టు వేప, పువ్వు మల్లె. పాలపిట్ట తెలంగాణకు ఉంది. శనిగ్రహం ఉపగ్రహాల సంఖ్య 2025 మార్చిలో ఒకేసారి 128 పెరిగి 274 అయింది, అంతకు ముందు అచ్చయిన ఏ అంకే నిలవదు. పుస్తకం మొదటి పేజీ తిప్పి ముద్రణ సంవత్సరం చూడండి. 2022 కంటే ముందుదైతే జిల్లాలు, రాష్ట్ర చిహ్నాలు, పదవుల్లో ఉన్నవాళ్లు, 'అత్యధికం' అని మొదలయ్యే పట్టికలు – వీటి మీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి, పాత చరిత్ర, శాస్త్రవేత్తలు, నదుల పేజీలు మాత్రం వాడుకోనివ్వండి.